గట్టిగా తన్నమనే డాక్టరమ్మగారు

1992 జూలై మూడవ తేదీ శుక్రవారం ఉదయం, మా ఆసుపత్రి మత్తువైద్య విభాగంలో సహాయ వైద్యురాలిగా ఒక సన్నపాటి యువతి విధుల్లో చేరారు. ఆ రోజు ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన ఆమెను ఎవరో రోగి తాలూకు మనిషి అనుకొని, "అమ్మా, చెప్పులు విప్పి ఆ బల్ల మీద కూర్చో, పిలుస్తారు" అన్నాడట. ఆమె చెప్పులు విప్పారు గానీ బల్ల మీద కూర్చోలేదు, తిన్నగా లోపలికి వెళ్ళిపోయారు. అలా లోపలికి వెళ్ళిన మనిషి ఈ నెలాఖరున విభాగాధిపతి హోదాలో పదవీ విరమణ చేసి బయటికి వస్తున్నారు. ఈ ముప్ఫై మూడేళ్ళలో ఆమె చేతుల మీదుగా నిద్రలోకి జారుకొని, క్షేమంగా కళ్ళు తెరిచిన వారెందరో లెక్కకట్టే పని నేను పెట్టుకోలేదు. అది కంప్యూటరు చేస్తుంది. కంప్యూటరుకు తెలియని సంగతి ఒకటి ఉంది, దాన్ని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు ఆమె గురించి రాసే గౌరవాన్ని పేరుమోసిన శస్త్రవైద్యులెవరికైనా ఇచ్చి ఉండవచ్చు, నాకిచ్చారు. నేను ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తున్నాను, ఆపరేషన్ అయిన మోకాళ్ళను వంచడం నా వృత్తి. "ఇంకొంచెం వంచండి, ఇంకొంచెం" అంటూ మంచాల వెంట తిరుగుతాను కనుక నర్సులు నాకు 'వంచండయ్య' అని పేరు పెట్టారు. నేను వంచబోయే ప్రతిసారీ ఎక్కణ్ణుంచో ప్రత్యక్షమై "ఆగండి" అంటారు కనుక డాక్టరమ్మగారికి 'ఆగండమ్మ' అని పెట్టారు. ఈ పేర్లు మా ఇద్దరికీ తెలియవని వాళ్ళ నమ్మకం. వాళ్ళ సంతోషాన్ని మేమెందుకు కాదనాలి? ఇన్నేళ్ళూ తెలియనట్టే ఉన్నాం.

మత్తువైద్యుల వృత్తి విచిత్రమైనది. ఆపరేషన్ జరిగినంతసేపూ రోగి ఊపిరి, నాడి, రక్తపోటు వారి కనుసన్నలలో ఉంటాయి. రోగి కళ్ళు తెరిచాక మాత్రం ఎదురుగా కనిపించేది సర్జన్ గారు, కృతజ్ఞతలు అందుకొనేదీ ఆయనే. పనిగంటలు ముగిశాక మత్తు డాక్టరు ఇంటికి వెళ్ళిపోతే తప్పుపట్టేవారు లేరు. డాక్టరమ్మగారు వెళ్ళేవారు కాదు. సాయంత్రం పూట వార్డంతా తిరిగి, తన చేతుల్లోంచి వెళ్ళిన ప్రతి మనిషినీ "నొప్పి పదిలో ఎంత?" అని అడిగేవారు. "పదకొండు" అని ఏడ్చినవారున్నారు. "పక్క మంచం ఆయనకెంత వేశారో చెప్పండి, నేను అంతకంటే ఒకటి ఎక్కువ" అని పట్టుబట్టినవారూ ఉన్నారు. లెక్కల మాస్టారొకాయన కళ్ళు మూసుకొని కాసేపు ఆలోచించి, ఏడున్నరకు కాస్త తక్కువ అని జవాబిచ్చారు. అడిగి ఊరుకొనే స్వభావం ఆమెది కాదు. జవాబు నాలుగు దాటితే ఏదో ఒకటి చేసి తగ్గించేదాకా కుర్చీ వదిలేవారు కాదు.

మోకీలు మార్పిడి శస్త్రచికిత్సలు మా ఆసుపత్రిలో మొదలైన తొలి సంవత్సరాలు నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. అరిగిన కీలు తీసి కొత్త కీలు అమర్చడంలో మా సర్జన్ గారి హస్తవాసికి తిరుగులేదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలయ్యేది. కొత్త కీలు పెట్టిన కాలిని మొదటి రోజుల్లోనే వంచి, నిలబెట్టి, నడిపించకపోతే అది బిగుసుకుపోతుంది, చేసిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. వంచుదామంటే నొప్పి ప్రాణం తీసేది. ఘాటైన ఇంజెక్షన్లు ఇస్తే నొప్పితోపాటు తెలివి కూడా పోయేది, లేచిన వెంటనే వాంతులు. నన్ను గుమ్మంలో చూడగానే గురక మొదలుపెట్టిన పెద్దమనుషులు నాకు తెలుసు. దొంగలను గడగడలాడించిన పోలీసు అధికారి ఒకరు నా చేయి పట్టుకొని, "బాబూ, ఇవాళ్టికి వంచానని రాసేసుకో, నేనెవరితోనూ చెప్పను" అని బతిమాలారు. నా వృత్తి మీద నాకే విరక్తి పుట్టిన రోజులవి.

ఆ దశలో డాక్టరమ్మగారు సెలవు పెట్టి, మరో ఊరి పెద్దాసుపత్రికి వెళ్ళి, నర్వ్ బ్లాక్ నేర్చుకొని వచ్చారు. మనిషి మొత్తాన్ని మత్తులో ముంచే బదులు, మోకాలి బాధను మెదడుకు చేరవేసే నరం ఒక్కదాన్ని ఒకటి రెండు రోజులపాటు మూగగా ఉంచడం ఆ విద్య. అప్పట్లో ఆ సూదిని గజ్జ దగ్గర వేసేవారు. సూది చివర నుంచి సన్నగా కరెంటు పంపితే, సరైన చోటు తగలగానే మోకాలి చిప్ప టకటకా ఎగిరేది. "ఆడింది" అని ఆమె చిన్నగా నవ్వేవారు. ఆ నవ్వు వచ్చిందంటే రోగికి ఆ పూట, మరుసటి పూట నిశ్చింత. మా వార్డులో మూలుగులు తగ్గి, క్రికెట్ వ్యాఖ్యానం వినబడసాగింది. నాకు కూడా కాఫీ ఇచ్చేవాళ్ళు తయారయ్యారు.

ఇక్కడ ఆమె అత్తగారిని పరిచయం చేయాలి. లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తున వారి కాపురం. రెండు మోకాళ్ళూ అరిగిపోయి ఆ పెద్దావిడ మెట్లు దిగి రెండేళ్ళు దాటింది. బాల్కనీలో కూర్చొని కింద వెళ్ళే కూరగాయల బండిని చూడటం తప్ప, చేత్తో తాకి ఏరుకొనే భాగ్యం లేకుండా పోయింది. కొడుకుగారు, అంటే డాక్టరమ్మగారి శ్రీవారు, బజారు పని నెత్తిన వేసుకున్నారు. ఎంతో ఉత్తములు గానీ బెండకాయ విషయంలో ఆయనకు లేతా ముదురూ ఒకటే. "వీడు తెచ్చే బెండకాయలు తిని తిని నా పళ్ళు కూడా అరిగిపోయాయి. నాకు కాళ్ళు బాగుచేయించండి, నా కూరలు నేనే ఏరుకుంటాను" అని ఆవిడ మొరపెట్టుకొనేవారు. విన్నవారు నవ్వేవారు. ఆవిడ నవ్వేవారు కాదు. తన ఇంట్లో తను ఒకరి చేతి మీద ఆధారపడి బతకడం ఆవిడకు బొత్తిగా మింగుడుపడలేదు.

ముందు కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. నరానికి మత్తు డాక్టరమ్మగారే ఇచ్చారు. మరునాడు పొద్దున అత్తగారి జవాబు: "పదిలో సున్నా. నాకసలు ఆపరేషన్ చేశారా?" ఎవరూ పక్కన లేకుండా మంచం దిగవద్దని నర్సు చెప్పింది, నేను చెప్పాను, కోడలు చెప్పారు. ఆవిడ తల ఊపారు కూడా. ఆ మధ్యాహ్నం నేను రెండు మంచాల అవతల ఒకాయన మోకాలు వంచుతున్నాను. కిటికీలోంచి ఎండ వచ్చి ఎదుటి మంచం మీది పేషెంటు కళ్ళలో పడుతోంది. పాపం అనిపించి అత్తగారు తెర వేయడానికి లేచారు. అంతే. కుడికాలు తడిగుడ్డలా మడతపడింది. నేను పరుగెత్తేలోపే ఆవిడ నేల మీద ఉన్నారు, కట్టు ఎర్రబడుతోంది.

అదృష్టవశాత్తూ ఎముక విరగలేదు, కుట్లు విడిపోయాయి. మళ్ళీ థియేటరుకు తీసుకువెళ్ళి కుట్టవలసి వచ్చింది. స్ట్రెచర్ మీద ఆవిడ నా చేయి పట్టుకొని, "నొప్పి లేదు కదా అని కాలు బాగుందనుకున్నాను నాయనా. తీరా దిగితే అక్కడ కాలే లేదు" అన్నారు. ఆ ఒక్క మాటలో మొత్తం శాస్త్రం ఉంది. గజ్జ దగ్గర నొప్పిని మోసేదీ, మోకాలిని నిలబెట్టే తొడ కండరానికి బలమిచ్చేదీ ఒకే నరం. దాన్ని మూగబోయేలా చేస్తే బాధ పోతుంది, బాధతోపాటు నిలిచే సత్తువా పోతుంది. నొప్పి ఉన్నప్పుడు మనిషి భయపడి జాగ్రత్తగా ఉంటాడు. నొప్పి లేనివాడికి జాగ్రత్త ఎవరు చెప్పాలి?

వారం తిరగకుండానే సూపరింటెండెంటు గారి ఉత్తర్వు వచ్చింది: తదుపరి నిర్ణయం వరకు మోకీలు ఆపరేషన్లలో నర్వ్ బ్లాకులు ఇవ్వరాదు. వార్డులో మళ్ళీ మూలుగులు, మళ్ళీ వాంతులు, నన్ను చూసి మళ్ళీ గురకలు. పగలు ఆసుపత్రిలో అందరి చూపులూ, ఇంటికి వెళితే మంచం మీద అత్తగారు. ఏ కోడలికీ రాకూడని పరిస్థితి అది. ఒకనాడు మధ్యాహ్న భోజన సమయంలో డాక్టరమ్మగారు మా వ్యాయామ గదికి వచ్చి, నడక కడ్డీల పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, నా టిఫిను డబ్బా తెరిచి ఉంది.

"నొప్పి తీసేశాననుకొని మురిసిపోయానండీ," అన్నారు. "దాంతోపాటు కాలు కూడా తీసేశాను." కళ్ళు తుడుచుకున్నారు. నేను డబ్బాకు మూత పెట్టేశాను. తలెత్తి, "మీరు చెప్పండి. రోజూ వాళ్ళను నిలబెట్టేది మీరు. మీకెలాంటి కాలు కావాలి?" అన్నారు.

ఏ మత్తు డాక్టరూ, ఆ మాటకొస్తే ఏ డాక్టరూ, నన్ను అంతవరకు ఆ ప్రశ్న అడగలేదు. నోటికొచ్చింది చెప్పాను. "నాకు సున్నా వద్దండీ డాక్టరుగారూ. మూడు ఉన్నా ఫర్వాలేదు, మనిషి ఓర్చుకుంటాడు. నేను లేపితే నిలబడే కాలివ్వండి చాలు."

"మూడు," అని ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. లేచి వెళ్ళిపోయారు. నా అన్నం చల్లారిపోయింది గానీ, ఈ ఆసుపత్రిలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తర్వాత సంవత్సరం ఆమె చేసిన కృషిని తపస్సు అనాలి. గజ్జ దగ్గర ఒకటిగా ఉన్న నరం తొడలోకి దిగేకొద్దీ కొమ్మలుగా విడిపోతుంది. బలాన్నిచ్చే కొమ్మల్లో చాలామటుకు పైనే కండరంలోకి వెళ్ళిపోతాయి. మోకాలి బాధను మోసే కొమ్మ ముఖ్యంగా తొడ నడిమి భాగంలో, కండరాల మధ్య ఇరుకు దారిలో, రక్తనాళాన్ని అంటిపెట్టుకొని సాగుతుంది. అక్కడ పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది, కాలు దాదాపుగా నిలుస్తుంది. ఇతర దేశాల్లో అప్పటికే కొందరు ఆ దారి పట్టారని చదివి తెలుసుకున్నారు. అయితే అక్కడ చిప్ప ఎగరదు, "ఆడింది" అని నవ్వడానికి వీల్లేదు. స్కానింగ్ తెర మీద నీడల్లో నరాన్ని కంటితో వెతుక్కోవాలి. కన్ను అలవాటు పడాలంటే తొడలు కావాలి. తొడలెవరివి? మావే. సూది లేదు, ఉత్త స్కానింగే అని ఎంత చెప్పినా, ఆ జెల్లు చల్లదనం అనుభవించినవారికే తెలుస్తుంది. క్యాంటీనులో ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంటే మందుల స్టోరు ఆయన టీ వదిలేసి పారిపోయేవాడు. బెండకాయల శ్రీవారు మాత్రం పారిపోయే వీలులేక, ఇంటికి తెచ్చిన చిన్న యంత్రం ముందు ప్రతి ఆదివారం తొడ అప్పగించి పేపరు చదువుకొనేవారట. ఆయన త్యాగాన్ని కూడా ఈ సందర్భంగా స్మరించుకోవడం ధర్మం.

విద్య పట్టుబడింది. అనుమతి కావాలి. సూపరింటెండెంటు గారు కఠినులే గానీ మొండివారు కారు. "అన్నీ వివరంగా చెప్పండి. పడిపోయిన సంగతితో సహా చెప్పండి. విని ఒప్పుకున్న పేషెంటుంటే చూద్దాం" అన్నారు. విన్న పేషెంట్లందరూ పడిపోయిన సంగతి దగ్గరే ఆగిపోయారు. అప్పటికి అత్తగారి కుడికాలు బాగుపడింది. ఎడమకాలు మొరాయిస్తూనే ఉంది, ఒక్క కాలు బాగుపడినంత మాత్రాన మూడంతస్తులు దిగడం కుదరదు. ఆ ఎడమ మోకాలి సంగతి మాట్లాడటానికి సర్జన్ గారి గదిలో అందరూ కూడారు. మొదటి రోజు నుంచే నిలబెట్టవలసినవాణ్ణి కనుక నన్నూ పిలిచారు.

కొడుకుగారు ఖరాఖండిగా చెప్పేశారు: "వద్దమ్మా. ఈసారి ఆ సూది గొడవే వద్దు. నొప్పైతే నాలుగు రోజులు భరిద్దాం."

"భరించేది నువ్వా నేనా?" అన్నారు అత్తగారు. "పోయినసారి పడింది నా తొందర వల్ల. కోడలేమన్నా లేవమందా? ఇంటికొచ్చాక ఏడాదిపాటు నా కాలికి తైలం రాస్తూ ఒక్క రోజు కూడా తలెత్తి నా మొహం చూడలేదు ఈ పిల్ల. నా మోకాలి నొప్పి కంటే అది ఎక్కువైపోయింది నాకు." సర్జన్ గారి వైపు తిరిగి, "సూది మా కోడలే వేయాలి. వేరేవాళ్ళైతే నేను ఒంటికాలితోనే ఉంటా, బెండకాయలు వీడే తెస్తాడు" అని తేల్చేశారు.

సొంత మనుషులకు వైద్యం చేయడం పద్ధతి కాదని సూపరింటెండెంటు గారు అడ్డుచెప్పారు, అది న్యాయమే. చివరికి ఆపరేషన్ మత్తు మరో డాక్టరుగారు ఇచ్చేటట్టు, నరానికి వేసే సూది ఒక్కటే కోడలు వేసేటట్టు, ఆ డాక్టరుగారు పక్కనే నిలబడి కనిపెట్టి ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ సూదితో కాలు నిలబడకపోతే మా ఆసుపత్రిలో ఆ విద్యకు అక్కడితో మంగళం పాడినట్టే. ఆ సంగతి గదిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఆపరేషన్ ఉదయం అయిపోయింది. సాయంత్రానికి, ఆపరేషన్ కోసం నడుము కిందంతా ఇచ్చిన మత్తు పూర్తిగా విడిచింది. నేను వాకరు పట్టుకొని మంచం దగ్గరికి వెళ్ళి లేపబోయాను. "ఆగండి" అన్నారు డాక్టరమ్మగారు. మాకందరికీ చిరపరిచితమైన ఆ మాట పుట్టింది ఆ రోజే. అత్తగారిని మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టించి, తాను ఎదురుగా చక్రాల స్టూలు మీద కూర్చుని, ఎడమకాలి మడమకు పైన, ముందువైపు అరచేయి ఆనించారు.

"నొప్పి ఎంతత్తయ్యా?"

"మూడు. ఉండనీవే, కాలుందని తెలుస్తోంది."

"అయితే నా చేతిని తన్నండి."

అత్తగారు కళ్ళజోడు సర్దుకొని కోడలిని ఎగాదిగా చూశారు. "ఏమన్నావూ?"

"మోకాలు చాచి నా చేతిని తన్నండి, గట్టిగా. చాచగలిగితేనే నిలబడనిస్తాను."

"అందరూ విన్నారు కదా," అన్నారు అత్తగారు వార్డు వైపు తిరిగి. "ఇది తను అడిగిందే. రేపు అత్తగారు తన్నిందని ఊరంతా చెప్పుకుంటే నాకు పూచీ లేదు." అని ఒక్క తన్ను తన్నారు. చక్రాల స్టూలు డాక్టరమ్మగారితో సహా వెనక్కి దొర్లి ఎదుటి మంచానికి కొట్టుకొని ఆగింది. వార్డు గొల్లుమంది. పట్టుకోబోయిన నర్సు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. స్టూలు మీద కూర్చున్న మనిషి మాత్రం నవ్వుతూ ఏడుస్తున్నారు, ఏడుస్తూ నవ్వుతున్నారు. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె తలెత్తి అత్తగారి మొహంలోకి చూడటం నేను చూశాను. ఆ తర్వాత అత్తగారు నా వాకరు పట్టుకొని లేచి నిలబడ్డారు, కిటికీ దాకా నడిచారు. ఎండ ఎప్పుడో పోయింది. అయినా తెర లాగి వేసి మరీ వచ్చారు.

నర్వ్ బ్లాకుల మీది నిషేధం ఆ నెలలోనే తొలగింది. మోకాలి వెనక మిగిలే నొప్పి కోసం రెండో సూది ఆ పైన తోడైంది. శిష్యులు తయారయ్యారు, వారికిప్పుడు శిష్యులున్నారు. మారనిది ఆ అరచేయి. ఈనాటికీ మా వార్డులో ఎవరు లేవాలన్నా ముందు తన్నాలి. "అయ్యయ్యో, అంత పెద్ద డాక్టరుగారు, మిమ్మల్ని తన్నడమా!" అని కాళ్ళు ముడుచుకొనే మర్యాదస్థులకు ఆమె చెప్పే జవాబు ఒకటే: "మా అత్తగారు తన్నారండీ. మీరు మొహమాటపడకండి." మొన్నటి దాకా, విభాగాధిపతి అయ్యాక కూడా, ఆ స్టూలు మీద ఆమే కూర్చున్నారు. ఆమె విభాగాధిపతిగా ఉన్న పదేళ్ళలో ఆ విభాగంలో క్రమశిక్షణ, సమయపాలన, జూనియర్ల పట్ల వాత్సల్యం ఎంతటివో ఇతర వ్యాసకర్తలు రాసి ఉంటారు. వారు రాసినదంతా నిజమే, ఆమెకు చిరాకే రాదని రాసి ఉంటే ఆ ఒక్కటి తప్ప. సూది వేసేటప్పుడు పక్కన ఫోను మోగితే ఆమె చూసే చూపు గురించి రాసే ధైర్యం ఎవరికీ ఉండదు, నాకూ లేదు.

ఈ వ్యాసం కోసం పోయిన వారం అత్తగారి అభిప్రాయం అడుగుదామని వారింటికి బయల్దేరాను. మెట్లెక్కే పని పడలేదు. ఆవిడ కిందే, బండి దగ్గర, బెండకాయ చివర విరిచి చూస్తున్నారు. ఎనభై ఏడేళ్ళు. కోడలి పదవీ విరమణ సందర్భంగా నాలుగు మాటలు చెప్పమన్నాను.

"మాటలెందుకు? ఇన్నాళ్ళూ ఊరివాళ్ళందరి కాళ్ళూ చూసింది, ఇక తన కాళ్ళు చూసుకోమను. రోజూ పొద్దున నాతో బజారుకి రమ్మను. బద్ధకిస్తే..." అని ఎడమకాలు కొద్దిగా ముందుకు చాచి చూపించారు. "ఎంత గట్టిగా తంతానో తనకి తెలుసు."

డాక్టరమ్మగారూ, పెద్దల ఆజ్ఞ యథాతథంగా మీకు చేరవేశాను. ముప్ఫై మూడేళ్ళు నిలబడి పనిచేసిన మీరు ఈ మధ్య మెట్ల దగ్గర కడ్డీ పట్టుకొని ఒక్క క్షణం ఆగుతున్నారు. ఎవరూ గమనించలేదనుకోకండి, మోకాళ్ళు చూడటమే నా బతుకు. మీకు సంపూర్ణ ఆరోగ్యం, శతాయువు, అత్తగారితో సమానంగా నడిచే సత్తువ కలగాలని, మీ కీళ్ళకు మా అవసరం ఎన్నడూ రాకూడదని మనసారా కోరుకుంటున్నాను. ఒకవేళ వస్తే బెంగపడకండి. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. సూది మీ శిష్యురాలు వేస్తుంది, చక్రాల స్టూలు మీద నేను కూర్చుంటాను. మీరు మొహమాటపడకుండా గట్టిగా తన్నండి.